కత్తా, ఈటా? తెనాలి నుంచి రేపల్లె దాకా ఒక వాదన తేల్చుకోబోయిన ఆదివారం

పోయిన వేసవిలో తెనాలిలో ఒక పెళ్ళిభోజనం దగ్గర మా బావకీ నాకూ మాటలు పోయాయి. పాతకాలపు యుద్ధాల్లో కత్తి గొప్పదా, ఈటె గొప్పదా అన్నదే గొడవ. నేను కత్తి పక్షం. బావ మా అక్క మొగుడు, రేపల్లెలో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా పిల్లలచేత ఈటెలు విసిరించి రిటైరైన మనిషి, ఆయన ఈటె పక్షం. చారు దాకా వాదన మర్యాదగానే నడిచింది. ఆ తర్వాత నేను నోరు జారాను. "ముప్పై ఏళ్ళూ నీ ఈటె బడి ఆవరణలో గడ్డిని పొడిచిందేగానీ ఇంకేం సాధించింది బావా?" అన్నాను. వడ్డించేవాళ్ళలో ఇద్దరు ఆయన పాత శిష్యులు, కిసుక్కున నవ్వారు. ఆయన పెరుగు రాకముందే లేచి చెయ్యి కడుక్కున్నాడు. మన వైపు పెరుగు రాకముందే లేచిన మనిషి ఎంత దూరం వెళ్ళిపోయినట్టో వేరే చెప్పక్కర్లేదు.

తొమ్మిది నెలలు గడిచాయి. ఫోను చేస్తే అక్క ఎత్తేది, వెనకనుంచి ఆయన దగ్గు మాత్రం వినబడేది. మొన్న అక్కే ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, ఈయన పొద్దున నడక కూడా మానేశాడు. పోట్లాడేవాడు లేక మనిషి డీలా పడిపోయాడురా. ఒక్కసారి వచ్చి తప్పయిందని చెబితే పోయిద్ది గదా!" అంది. చెప్పచ్చు. కానీ నేనన్నది నిజమైతే? నేను ముప్పై అయిదేళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి. చదివింది ఎనిమిదో తరగతి, మిగతాదంతా టిక్కెట్లు కొట్టేశాక చివరి సీట్లో కూర్చుని పాత పుస్తకాల్లోంచి ఏరుకున్నది. యుద్ధాల గురించి చాలా చదివాను, కత్తి మాత్రం ఏనాడూ పట్టలేదు. అందుకని తెలిసినవాళ్ళను అడిగి నిజం తేల్చుకుని, తప్పు నాదైతే ఒప్పుకుందామని బయల్దేరాను.

గుంటూరులో పొద్దున ఆరు లోపే ప్యాసింజరు ఎక్కితే ముప్పావుగంటలో తెనాలి. టిక్కెట్టు టీ ఖరీదుకి మించదు. స్టేషను బయట అల్లం పచ్చడితో నాలుగు ఇడ్లీలు నలభై రూపాయలు. ఇక్కడ ఒక ముక్క చెప్పి ముందుకు వెళ్తాను. నాకు కత్తి పిచ్చి పట్టింది ఈ ఊళ్ళోనే. చిన్నప్పుడు ఇక్కడ ఒక నాటకంలో రాజుగారు పద్యం చివర్న విసురుగా తిప్పితే కత్తి చెయ్యి జారి నా ముందు పడింది. తీసి చూస్తే వెండి కాగితం చుట్టిన చెక్క. అయినా నా నమ్మకం చెక్కు చెదరలేదు. భక్తి అంటే అలాగే ఉంటుంది.

ఆటో అతను కొలిమి దగ్గరికి ముప్పై రూపాయలకి ఒప్పుకున్నాడు. "కొడవలి చేయించుకోటానికా తాతగారూ?" అన్నాడు. కత్తీ ఈటే సంగతి కనుక్కోవాలన్నాను. అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. "గొడవెవరితోనండీ?" "మా బావతో." "ఊరుకోండి తాతగారూ, మళ్ళీ స్టేషను దగ్గరే దింపేస్తా, డబ్బులొద్దు." అతన్ని నమ్మించేసరికి కొలిమి వచ్చేసింది.

కమ్మరి వీరాచారికి అరవై ఉంటాయి. కొడవలి సాగగొడుతూనే నా ప్రశ్న విన్నాడు. "కొట్టుకునేవాణ్ణి అడుగుతున్నారా, చేసేవాణ్ణి అడుగుతున్నారా?" అన్నాడు. చేసేవాణ్ణే అన్నాను. "అయితే ఈటేనండి. ఒక కత్తికి పట్టే ఇనుముతో అయిదారు ఈటె ములుకులు తీస్తా. కత్తిని కాచి నీళ్ళలో ముంచేటప్పుడు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే పదును కుదరాలి. ఎక్కువైతే పుటుక్కున విరిగిద్ది, తక్కువైతే వంగిద్ది. ములుక్కి మొన బాగుంటే చాలు. కర్ర ఎవరిది వాళ్ళు కొట్టుకొచ్చుకుంటారు."

"మరి రాజులందరూ కత్తి పట్టుకునే బొమ్మలు చెక్కించుకున్నారు కదయ్యా!"

"ఖరీదైంది గాబట్టేనండి. మోటారు సైకిలు పక్కన నిలబడి ఫొటో దిగుతారుగానీ, పార పక్కన దిగుతారా?"

బావకి ఇవ్వటానికని విరిగిన గునపం ముక్కతో జానెడు ములుకు ఒకటి చేయించుకున్నాను, రెండు వందలు. రైల్లో పోలీసులకి సంజాయిషీ చెప్పుకునే వయసు కాదని మొన మొద్దుగానే ఉంచమన్నాను.

ఎనిమిదిన్నర బండికి బాపట్ల గంట లోపే. వ్యవసాయ కాలేజీ వైపు ఒక ఖాళీ స్థలంలో ధనలక్ష్మిగారు ఆదివారాలు పది దాకా కర్రసాము నేర్పుతారు. యాభై దాటిన మనిషి, తండ్రి దగ్గర నేర్చుకున్నారు. ఆ రోజు ఆరుగురు ఆడవాళ్ళు చీర కొంగులు బిగించి కర్రలు తిప్పుతున్నారు. నా సందేహం విని మూరన్నర చెక్క కత్తి నా చేతికిచ్చి, ఆవిడ ఆరడుగుల కర్ర తీసుకున్నారు. "రండి బాబాయ్‌గారూ, నన్ను కొట్టండి."

మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ నా కత్తి గాలిలో ఉండగానే కర్ర కొస నా చొక్కా రెండో గుండీ మీద ఆనింది. చూస్తున్నవాళ్ళలో ఒకావిడ "తాతగారికి మంచినీళ్ళియ్యండమ్మా" అంది. నాలుగోసారి పౌరుషం వచ్చి, కర్రను పక్కకి నెట్టి లోపలికి దూరాను. అంత పొడుగు కర్ర ఎటూ తిరగలేదు. నా కత్తి ఆవిడ భుజాన్ని తాకింది. "చూశారా!" అని కేక పెట్టాను.

"చూశానండి. దగ్గరికొస్తే కత్తిదే, కాదనను. కానీ యుద్ధంలో నా పక్కన ఇంకో కర్ర ఉంటది గదా బాబాయ్‌గారూ. ఆ కర్ర పొడిచేది మిమ్మల్నే." అంతలోనే ఆ పక్కావిడ కర్ర నా డొక్కలో ఆనించి నవ్వింది. విల్లు సంగతి అడిగితే, ఈ సముద్రపు గాలికి వింటితాడు చెమ్మెక్కి సడలిపోయిద్దన్నారు. వెళ్ళేముందు, ఈటె విసిరితే ఎలా ఉంటుందని అడిగాను. "విసిరితే ఏముందండి, మన ఆయుధం మనమే శత్రువుకి పంపించినట్టు. చేతిలో ఉన్నంతసేపే అది ఈటె."

పదకొండున్నరకి రేపల్లె బస్సు. చందోలు, చెరుకుపల్లి మీదుగా వెళ్ళేది చూసుకుని ఎక్కండి, డెబ్బై రూపాయల లోపు, రెండు గంటలు పట్టవచ్చు. చందోలు ఒకప్పుడు రాజధాని అంటే ఇప్పుడు దిగేవాళ్ళే నమ్మరు. వరి కోసిన చేలల్లో మొక్కజొన్న పచ్చగా నిలబడి ఉంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత గట్లు. ఆ రాజుల కాల్బలం ఈ గట్ల మీదే ఎదురుపడి ఉంటే, పక్కకి దిగితే మోకాలి లోతు బురద. ఎవరి చేతిలోది పొడుగైతే వాడిదే దారి. తప్పు నాదేనని అక్కడే తేలిపోయింది. మిగిలింది ఒకే చిక్కు. నేను ఓడానని చెబితే బావ సంతోషిస్తాడు. విసిరే ఈటె పనికిరాదని కూడా చెబితే? ఆయన జీవితమంతా విసరడమే నేర్పాడు. ఆ ముక్క బస్సులోనే వదిలేద్దామని నిశ్చయించుకున్నాను.

నేను వెళ్ళేసరికి బావ వరండాలో పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి పేపరు ఇంకాస్త పైకి ఎత్తాడు. "మీ తమ్ముడికి మజ్జిగియ్యి" అన్నాడు లోపలికి. నేను పొట్లం విప్పి ములుకు ఆయన ముందు పెట్టి, కొలిమి దగ్గర విన్నదీ, బాపట్లలో పోట్లు తిన్నదీ దాచకుండా చెప్పాను. "ఈటే గొప్పది బావా. పదిమందిలో ఆ మాట అనకూడదు, అన్నాను. తప్పు నాది." పేపరు కిందికి దిగింది. ములుకు అరచేతిలో పెట్టుకుని తూచాడు. "బరువంతా ముందుకుంది. బాగా పోయిద్ది," అన్నాడు. తొమ్మిది నెలల తర్వాత నాతో మొదటి మాట. అక్క గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది.

"నేను చెప్పలా? ఎంత దూరం విసిరితే అంత మేలు," అన్నాడు బావ.

మజ్జిగ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాను. లాభం లేకపోయింది. అబద్ధంతో కలుపుకున్న మాటలు ఎన్నాళ్ళు నిలుస్తాయి? "విసరకూడదు బావా. చేతిలో ఉన్నంతసేపే అది ఈటె," అన్నాను.

అక్క నెత్తి కొట్టుకుంది. బావ లేచి విసవిసా లోపలికి వెళ్ళిపోయాడు. అయిపోయింది, ఇంకో తొమ్మిది నెలలు అనుకున్నాను. ఆయన మాత్రం కాన్వాసు బూట్లు వేసుకుని, బట్టలారేసే వెదురు గెడ పట్టుకుని బయటికొచ్చాడు. "లేవరా. పెరట్లోకి పద, చూపిస్తా."

ములుకు గెడకి బిగించాం. ఇరవై అడుగుల దూరంలో అరటిబోదె గురి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి నాలుగడుగులు పరుగెత్తి విసిరాడు. విసురు అందంగానే ఉంది. ఈటె అరటిని వదిలేసి అక్క తడిబట్టల బకెట్టులో కూలబడింది.

"ఇప్పుడు నీ చేతిలో ఏముంది బావా?" అన్నాను.

"నోరుందిరా!" అన్నాడు, ఆయాసపడుతూ, తొమ్మిది నెలల బాకీ అంతా కలిపి నవ్వుతూ. అక్కణ్ణుంచి పొద్దుగూకేదాకా నన్ను పరాచికాలతో పొడుస్తూనే ఉన్నాడు.

ఏ ఆయుధం గొప్పదంటే ఇప్పుడు నా జవాబు ఇది: గుంపుగా నిలబడితే ఈటె, ఒంటరిగా మీదపడితే కత్తి, బురదలో ఏదైనా పొడుగుది. విసిరే సంగతి ఇంకా తేలలేదు, తేలకూడదని నా కోరిక. గెలిచి ఇంటికి వెళ్ళిన వాదనలు నాకు బోలెడున్నాయి, వాటిలో ఒక్కటీ ఇంత హాయినివ్వలేదు. ఇదే దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. రేపల్లె నుంచి తెనాలికి సాయంత్రం బండి ఉంటుంది, వేళ ముందుగా కనుక్కోండి. కానీ అక్కడ మీకు వాదించే చుట్టం ఉంటే ఆ బండి నాకులాగే మీకూ అందదు, ఇంకో జత బట్టలు తీసుకెళ్ళండి.