నాలుగో నంబరు కార్డు

పది మీటర్ల దూరంలో అరచేయంత కార్డు. చేతిలో తుపాకీ. పది గుండ్లు. ఇంత చిన్న సరంజామాతో ఒక మనిషి ఎంత పెద్ద అనర్థం చేయగలడో మీకు తెలియకపోతే నన్ను అడగండి. ప్రాణనష్టం జరగలేదు. పరువు సంగతి మాత్రం చివరిదాకా అడక్కండి.

నేను చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేస్తాను. అప్పటికి నలభై మూడేళ్లు. ఆ ఏడాది ఆటల పోటీల్లో కొత్తగా ఎయిర్ రైఫిల్ పెట్టారు. మొయినాబాద్ దగ్గర ఫాంహౌస్‌ల మధ్య ఉన్న షూటింగ్ రేంజ్‌లో పోటీ. స్టోర్స్, క్యాంటీన్ కలిపి ఒక జట్టు. ప్రొడక్షన్ వాళ్లది ఇంకో జట్టు. ఎవరి స్కోరు అందరికంటే ఎక్కువైతే వాళ్ల జట్టుకే కప్పు.

"చిన్నప్పుడు నేను గులేరు పడితే చింతకాయ కాదు, దాని తొడిమె కొట్టేటోణ్ణి," అని భోజనాల దగ్గర కోతలు కోసేశాను. జట్టులో నా పేరు రాసేశారు. రెండో పేరుకు మనుషులు దొరకక, క్యాంటీన్‌లో వంట చేసే మార్తమ్మక్కను రాశారు. ఆమెది చేవెళ్ల. యాభై ఎనిమిదేళ్లు. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కంటికి కావాలి. ఆ పేరు వినగానే నేను లోలోపల ఎంత జాలిపడ్డానో చెప్పలేను.

నిజానికి జాలి పడాల్సింది నా మీద. వారం కిందటే కళ్ల డాక్టరు, "దూరపు చూపు తగ్గింది, ఒకటి రెండుగా కూడా కనిపిస్తుంది," అని అద్దాలు రాసిచ్చాడు. అవి నా జేబులోనే ఉన్నాయి. తొడిమె కొట్టిన వీరుడు అద్దాలు పెట్టుకుంటే ఏం బాగుంటుంది? అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, జేబులో అద్దాలున్నా నా నెత్తి మీద డాబు కూర్చుంది.

రేంజ్‌లో నేర్పించే మేడం ముప్పై ఏళ్ల అమ్మాయి. "ఎవరికన్న చూపు ఇబ్బంది ఉంటే ముందే చెప్పుండ్రి," అంది.

మార్తమ్మక్క వెంటనే చెయ్యెత్తింది. "నాకున్నది బిడ్డా. ఈ కన్ను మంచిది. ఆ కన్నుల అంత పొగ పొగ. మూస్తే ఇది గూడ గుంజుకుపోతది."

"మూయకమ్మా," అంటూ మేడం ఆమె కళ్లద్దాల మీద ఒకవైపు తెల్ల కాగితం ముక్క అంటించింది. "తుపాకీ మీద గురి చూసే సైటు సాఫ్‌గా కనవడాలె. కార్డు జర మసకగున్నా ఫికర్ లేదు."

మీరు నమ్మరు, ఆ చివరి మాట నా చెవిలో అమృతం పోసింది. మసకగా ఉన్నా ఫికర్ లేదట! అట్లయితే పుట్టుకతోనే ఛాంపియన్‌ని నేను!

"మీకేమన్న ఇబ్బందా సార్?" అని మేడం నన్ను అడిగింది.

"నాకా?" అని నవ్వాను. ఎంత గట్టిగా నవ్వానంటే పక్కన నిలబడ్డ ప్రొడక్షన్ యాదగిరి ఉలిక్కిపడ్డాడు.

నాది మూడో నంబరు చోటు. యాదగిరిది నాలుగు. మార్తమ్మక్కది ఐదు. తుపాకీ ఎత్తి చూస్తే నాకు ఎదురుగా రెండు నల్లటి చుక్కలు కనిపించాయి. నాకు డాక్టరు మాట గుర్తొచ్చింది. వీటిలో ఒకటి కార్డు, ఇంకొకటి నా కంటి జబ్బు. బాగా ఆలోచించి, ఎడమవైపుది జబ్బని తేల్చి, కుడివైపు చుక్కను కొట్టడం మొదలుపెట్టాను. పది గుండ్లూ గురిపెట్టి, తాపీగా, ఒక ఇంజనీరులా కొట్టాను.

"నర్సింలన్నా, ఎట్ల కొట్టినవ్?" అన్నాడు యాదగిరి.

"కప్పు తుడుసుకోనీకె గుడ్డ తెచ్చుకుంట," అన్నాను.

కార్డులు వచ్చాయి. నా కార్డు ఉతికి ఆరేసిన పంచెలా ఉంది. ఒక్క రంధ్రం లేదు. యాదగిరి కార్డు మీద ఇరవై రంధ్రాలు.

"తుపాకీల దోషమున్నది మేడం," అన్నాను.

ఆమె నా తుపాకీ తీసుకుని కొత్త కార్డు మీద ఒక్కటి కొట్టింది. సరిగ్గా నడిమధ్యన పడింది. తర్వాత నా జేబు వైపు చూసింది. "అవి ఏంది సార్?"

అద్దాలు తీసి పెట్టుకున్నాను. కార్డులు తగిలించే గోడ మీద, ఎడమవైపు ఇటుకంత పెద్ద 'మూడు' అంకె. కుడివైపు అంతే పెద్ద 'నాలుగు'. చూసి రమ్మంటే కాల్చి వచ్చాడని ఒకాయన గురించి చెబుతారు. నేను చూడకుండానే కాల్చి వచ్చాను.

ఆ అద్దాలతోనే మార్తమ్మక్క కార్డు చూశాను. అప్పటిదాకా నా నోట్లో ఎన్నో సాకులున్నాయి. అన్నీ ఆగిపోయాయి. ఆమె గుండ్లు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి, నడుమ రూపాయి బిళ్లంత చోటులో కూర్చున్నాయి. ఇంకో ఐదు గుండ్లు ఊరికే కొట్టి చూపించమని మేడం అడిగింది. మార్తమ్మక్క తుపాకీ ఎత్తింది. ఇంత పెద్ద అన్నం డేగిసాలు దించే ఆ చేతులు కదల్లేదు. కొంగు కదల్లేదు. సగం ఊపిరి వదిలి ఆపింది. ఆమెతోపాటు మేమందరం ఆపాం. నేను అంత నిశ్శబ్దాన్ని చర్చిలోనూ చూడలేదు, గుడిలోనూ చూడలేదు. ఐదు గుండ్లూ మళ్లీ ఆ రూపాయి బిళ్లంత చోటులోనే పడ్డాయి.

"ఏడ నేర్సుకున్నవమ్మా?" అంది మేడం, గొంతు తగ్గించి.

"నేర్సుకునుడేంది బిడ్డా? సూదిల దారం ఎక్కిచ్చినట్టే చేసిన. కనవడకపోతే అడిగిన. నువ్వు చెప్పినట్టు ఇన్న."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇక స్కోర్లు. కార్డు మీద ఎవరి రంధ్రం ఏదో తేలకపోతే, మంచివి పది ఆ కార్డు యజమానికే చెందుతాయట. మార్తమ్మక్కకు ఎనభై నాలుగు. యాదగిరికి ఎనభై ఐదు.

"అండ్ల మంచియన్ని నావే మేడం!" అని మొత్తుకున్నాను.

"గుర్తేమన్న పెట్టిన్రా సార్?"

మార్తమ్మక్క ముఖం చూడలేక దగ్గరికి వెళ్లి, "అక్కా, నీ కప్పు నేనే పోగొట్టిన," అన్నాను.

ఆమె కుర్చీలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "తమ్మీ, తప్పు నీది గాదు, నిన్ను మా దిక్కు రాసినోళ్లది. ఆళ్ల దిక్కు రాస్తే మమ్ముల్నే గెలిపిస్తుంటివి!"

అందుకే భూమ్యాకాశాల సాక్షిగా, నా కళ్ల డాక్టరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎవరినైనా గెలిపించాల్సి వస్తే, ముందు వాళ్ల నంబరు అడిగి, అద్దాలు పెట్టుకుని చదివి, ఆ తర్వాతే కాలుస్తాను.