మట్టి సైనికుల ముందు నవ్వే కుర్రాళ్ళు

ఈ కాలపు చైనా చిత్రకారుల బొమ్మల పుస్తకం ఒకటి నారాయణగూడ ఫుట్‌పాత్ మీద దొరికింది. అందులో ఒక బొమ్మ నన్ను ఇప్పటికీ వదల్లేదు. వెనకాల పాత చక్రవర్తి సమాధిలోని మట్టి సైనికులు, వరుసలు వరుసలుగా. ముందు నలుగురు కుర్రాళ్ళు, చేతుల్లో ఐస్‌క్రీమ్‌లు, పగలబడి నవ్వుతుంటారు. ఒకడు తన టోపీ తీసి సైనికుడి నెత్తిన పెట్టాడు. ఆ టోపీ కింది మట్టి ముఖం మాత్రం ఇప్పుడు నాకు ఒక పాత మిత్రుడి ముఖంలా కనిపిస్తుంది.

అప్పట్లో నేను గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. ఆ చదువు మనిషిని ఎంత పాడు చేస్తుందంటే, ఆ బొమ్మ చూడగానే నాకు తోచింది ఒక్కటే: ఏ వంశం, ఏ నగరం, బిట్ ఎలా అడుగుతారు? చిక్కడపల్లి రీడింగ్ హాల్లో నా పక్క కుర్చీ మిత్రుడికి చూపించాను. మహబూబ్‌నగర్ వైపు వాడు, ఆరేళ్ళుగా అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటున్నాడు. నేను విద్యానగర్‌లో అమ్మ వండింది తిని వచ్చేవాణ్ణి.

వాడు చాలాసేపు చూశాడు. "వీళ్ళకు ఎన్నేండ్లుంటయ్?"

"ఇరవై."

"ఇరవైల నేను గిట్ల నవ్విన్నా? యాదికొస్తలేదు." పుస్తకం నా వైపు జరిపి అన్నాడు, "ఇగ నాతోని అయితలేదు. ఇంటికి పోదామనుకుంటున్న. ఏమంటవ్?"

నేనేదో పెద్ద పోటుగాడిలా, "ఇన్నేండ్లు చదివి ఇప్పుడు పోతవా? ఒక్క నోటిఫికేషన్ చూడు" అన్నాను. పుస్తకం మూసి మళ్ళీ బిట్లలో పడ్డాను.

మా హాల్లో ఒక కట్టుబాటుంది. కుర్చీ మీద తువ్వాల వేసి వెళ్తే ఆ మనిషి ఉన్నట్టే లెక్క, ఎవరూ ముట్టరు. మర్నాడు వాడు తువ్వాల వేసి టీకి పోయాడు. నాలుగు రోజులు ఆ తువ్వాల అలాగే ఉంది. జారితే నేనే సర్దేవాణ్ణి. నా మాట కాదని ఊరికి పోయాడనుకుని ఉక్రోషపడ్డాను కూడా.

ఐదో రోజు వాళ్ళ అన్న వచ్చాడు. బాగ్ లింగంపల్లి బస్తీలో ఉంటూ మేస్త్రి పని చేసే మనిషి. చేతులకు ఇంకా సిమెంటు ఉంది. "తమ్ముని ఫోన్ కలుస్తలేదు సార్. ఊరికి గూడ పోలే. ఈడికి వస్తుండా?"

నిజం చెబితే, ఆఖరుసారి ఏం మాట్లాడుకున్నారని అడుగుతాడు. "వస్తుండన్నా. నిన్న గూడ వచ్చిండు. అగో, తువ్వాల" అన్నాను.

ఆయన తువ్వాలను ఒకసారి తడిమాడు. "మంచిగ చదువుతుండా?"

"చదువుతుండు."

ఆయన నిశ్చింతగా పనికి పోయాడు. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు, ఈసారి పోలీస్ స్టేషన్ నుంచి, చేతిలో కాగితంతో. "మీరు ఆఖరుకు చూసింది ఏ రోజు సార్? జర కరెక్టుగ చెప్పుండ్రి."

నేను మళ్ళీ ఆ అబద్ధపు రోజే చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఇప్పటికీ వాణ్ణి ఆ రోజు నుంచే వెతుకుతున్నారు.