మామ కంప్యూటర్ చప్పుడు

బొంతపల్లిలో మా ఇంటి ముందు గదే లేత్ షాపు. అందులోని పాత కంప్యూటర్ మా మామది. నా పెళ్లికి ముందే ఆయన పోయారు. హార్డ్ డిస్క్ మొరాయిస్తోందని ఈ రోజు మా ఆయన దాన్ని విప్పి, బదులుగా మెమరీ కార్డు పెట్టారు. కంప్యూటర్ చప్పుడు లేకుండా ఆన్ అయింది.

వంటింట్లోంచి అత్తమ్మ వచ్చింది. "ఏంది కొడకా, గుర్రుమంటలేదు?"

"కార్డుకు సప్పుడుండదమ్మా."

"మీ నాయిన కూసున్నట్టే లేదు. పాతదే పెట్టు."

"అది ఆగిపోతదే!"

"ఆగేదాంక తిరగనీ."

ఆయన పాత డిస్కుకు కరెంటు మాత్రం కలిపారు. పని కార్డుది, డిస్కు ఊరికే తిరుగుతుందంతే. గుర్రుమనగానే అత్తమ్మ నెమ్మదించి లోపలికి పోయింది. నేనేమో ఎన్నడూ చూడని మామకు మర్యాదగా, గబుక్కున నెత్తి మీద కొంగు కప్పుకున్నాను.

నవ్వకండి. మీరైతే కప్పుకునేవారు కాదా?