సిరంజి మీద ఎర్ర గీత

మా ఊళ్లో మందుల షాపు ఒక్కటే, వెర్నన్ స్టకీ గారిది. వాళ్ల నాన్న పెట్టిన షాపు. ముప్పై ఎనిమిదేళ్లుగా కౌంటర్ వెనక ఆయనే. మా పాప డెల్లాకి మొదటిసారి ఫిట్స్ వచ్చిన ఆదివారం, మోకాలెత్తు మంచులో, పైజమా మీద కోటు తగిలించుకుని వచ్చి మా కోసం షాపు తీశారు.

నేను నీటి పరీక్షల ల్యాబులో పని చేస్తాను. రోజంతా మిల్లీలీటర్లు కొలుస్తూనే ఉంటాను. అయినా నాలుగేళ్ల పిల్లకి మందు వెయ్యాలంటే మూడుసార్లు చూసుకునేదాన్ని. వేశాక మళ్లీ అనుమానం. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి అదే అడిగితే, ఆయన నన్ను షాపుకి రమ్మన్నారు. చనిపోయిన తన భార్య మాక్సీన్ గారి ఎర్ర నెయిల్ పాలిష్ సొరుగులోంచి తీసి, పిల్ల నోట్లో మందు వేసే సిరంజి మీద సన్నగా గీత గీశారు.

"ఇక్కడిదాకా లాగు, వెయ్యి, పోయి పని చూసుకో అమ్మాయ్. నువ్విలా చేస్తుంటే నీకూ మందు రాయాల్సొస్తుంది."

ఈ ఏడాది మా ఇన్సూరెన్స్ మారింది. ఆయన దగ్గర మందు ధర మూడింతలైంది. ఊరి బయట హైవే పక్కన పెద్ద స్టోర్లో చవక. ప్రిస్క్రిప్షన్ అక్కడికి మార్చుకోవాలంటే మనం పాత షాపుకి చెప్పక్కర్లేదు. కొత్తవాళ్లే ఫోన్ చేసి వివరాలు తీసుకుంటారు. నా ధైర్యమంతా అదే.

అక్కడి ఫార్మసిస్టు బ్రియానా నా ముందే వెర్నన్ గారికి ఫోన్ కలిపింది. "సరేనండీ... ద్రాక్ష ఫ్లేవర్ వద్దా, ఉమ్మేస్తుందా? అరటిపండుదేనా? రాసుకుంటున్నా." నేను చిరుతిళ్ల వైపు తిరిగి నిలబడ్డాను. ఆమె ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, "మీరిక్కడే ఉన్నారా అని అడుగుతున్నారు," అంది.

లేనని చెప్పమన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"ఎవరమ్మా, వెర్నన్ తాతా?" అని డెల్లా కౌంటర్ పట్టుకుని ఎగిరి అరిచింది. "తాతా! మేం ఇక్కడున్నాం!"

బ్రియానా కాసేపు విని, నా మొహం చూడకుండా ఫోన్ పెట్టేసింది. "సీసా బాగా కుదపమన్నారు. వాళ్లమ్మ కంగారు మనిషి, సిరంజి మీద గీత పెట్టివ్వండి అన్నారు. ఇక్కడ అలాంటివి చెయ్యం. సారీ."

ఆ నెలంతా ఆయన షాపున్న వీధి తప్పించి, రైలు గేటు మీంచి చుట్టూ తిరిగి ల్యాబుకి వెళ్లాను.

తర్వాత పిల్ల బరువు పెరిగిందని డాక్టరు డోసు మార్చారు. మూడు నుంచి నాలుగు మిల్లీలీటర్లు. పాత గీత పనికిరాదు. కొత్త సిరంజి మీద నేనే గీద్దామని కూర్చున్నాను. మూడుసార్లు గీశాను, మూడుసార్లు తుడిచాను.

మర్నాడు సిరంజి సంచీలో వేసుకుని ఆయన షాపుకెళ్లాను. సంజాయిషీ నేర్చుకునే వెళ్లాను, తీరా వెళ్లాక సిరంజి కౌంటర్ మీద పెట్టాను.

"ఇప్పుడెంత?"

"నాలుగు."

సొరుగు తీశారు. కళ్లజోడు పైకి నెట్టి, వెలుతురుకి పట్టుకుని గీశారు. ఊదారు. "ఆరనీ, ముట్టుకోకు. పిల్లకి మళ్లీ ఏమన్నా వచ్చిందా?"

"లేదండీ."

"అదీ కావాల్సింది."

ఊరికే వెళ్లలేక చూయింగ్ గమ్ ప్యాకెట్ ఒకటి తీసి డబ్బులిచ్చాను. ఆయన చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు.

"ఈ గమ్ కూడా అక్కడ చవకే, అమ్మాయ్."