గుప్పిట్లో ముక్క

ఆ పెథాలజిస్టు పంతొమ్మిదేళ్లుగా ఆసుపత్రి సెల్లారులోనే పనిచేస్తోంది. ఒంట్లోంచి కోసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో తేల్చే డాక్టరు ఆమే. అయినా ఆమె మొహం చూసిన రోగి లేడు. సొంత అత్తగారే పక్కింటివాళ్లతో "మా కోడలు రక్తాలవీ చూస్తుంది" అంటుంది. పదేళ్లు పుస్తకాలతో కుస్తీ పట్టినందుకు దక్కిన బిరుదు అది.

ఆరోజు పైన ఆపరేషన్ బల్ల మీద ఇరవై రెండేళ్ల పిల్ల ఉంది. అండాశయంలో గడ్డ. క్యాన్సరైతే గర్భసంచితో సహా తీసేయాలి, కాకపోతే గడ్డ ఒక్కటే. ఈమె తేల్చి చెప్పేదాకా సర్జన్ కత్తి పట్టుకుని ఆగాలి. అందుకే ఆయా ముక్కను డబ్బాలో పెట్టుకుని పరుగున కిందికి తెచ్చింది. ఆ పరుగే కొంప ముంచింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, ఆపరేషన్ గది బయట కూర్చున్న ఆ పిల్ల వాళ్లన్న ఆ డబ్బా చూసి, కిడ్నీ ఎత్తుకుపోతున్నారనుకుని వెంటపడ్డాడు. సెల్లారులో గదులన్నీ వెతుక్కుంటూ వచ్చాడు.

ఒక్క తన్నుకు తలుపు ఊడింది. వాడు విసిరిన ఇనప స్టూలు ఆమె నుదుటి మీద పడింది. ఎడమ కన్ను నెత్తుటితో మూసుకుపోయింది. ముక్కలోంచి కాస్త కోసి అప్పుడే రంగు వేసిన గాజు స్లైడు కిందపడి నుగ్గయింది. లేవబోతే డొక్కలో తన్నాడు. జుట్టు పట్టి బల్లకేసి కొట్టాడు. ట్రేలో మిగిలిన ముక్కను గుప్పిట్లో బిగించాడు.

"మా చెల్లి కిడ్నీ అమ్ముకుంటారా?"

ఆమెకు చచ్చేంత భయం వేసింది. కోపం అంతకన్నా ఎక్కువ వచ్చింది.

"కిడ్నీ కాదు, గడ్డ ముక్క. మీ చెల్లికి గర్భసంచి ఉంచాలో తీసేయాలో అది చూసి నేనే చెప్పాలి. కొడితే తర్వాత కొట్టు. ముందు అదివ్వు."

అప్పుడే ఫోన్ మోగితే ఆమె మీట నొక్కింది. స్పీకర్‌లో సర్జన్ గొంతు: "ఏం తేలింది మేడం? పిల్ల పొట్ట తెరిచే ఉంది."

అన్న గుప్పిట వదులైంది.

ఆమె ముక్కను మెషీన్లో పెట్టి మంచులా గడ్డకట్టించి, పల్చగా కోసింది. రెండుసార్లు కోత చెడింది. వాడి పట్టుకు నలిగిన అంచులు పనికిరాలేదు. మధ్యలో మిగిలిన కాస్తకీ రంగు వేసి, మైక్రోస్కోపులో కుడికన్ను ఒక్కదానితో వెతికి వెతికి చూసింది.

"క్యాన్సర్ కాదు. గడ్డ ఒక్కటే తీయండి. గర్భసంచి జోలికెళ్లొద్దు."

అన్న గోడవారగా కూలబడ్డాడు.

"నేనిప్పుడేం చెయ్యాలి మేడం?"

"పైకెళ్లు. ముందు చేతులు కడుక్కో," అంది ఆమె. "మత్తు దిగి లేచాక వాటికంటిన నా రక్తం చూస్తే మీ చెల్లి భయపడుతుంది."