సంచి లేదు, చెప్పులు లేవు

పోయిన ఆదివారం మా కాలనీ మీటింగులో, కుక్కను తిప్పేవాళ్లు దాని పెంట ఎత్తడానికి చేతిలో సంచి పట్టుకోకపోతే జరిమానా వేయాలన్నారు. "కర్నూలు నిండా వీధి కుక్కలే, వాటికెవరు వేస్తారప్పా జరిమానా?" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

ఈ రోజు పొద్దున మా టైగర్‌ను గొలుసు లేకుండా తిప్పుతున్నాను. అయ్యప్ప గుడికి పోయే సందు మలుపులో అది పని కానిచ్చింది. నా చేతిలో సంచి లేదు, చూసినవాళ్లూ లేరు. పది అడుగులు ముందుకు నడిచేశాను.

"అయ్యో స్వామీ!" అని వెనక నుంచి వినపడింది. కిరాణా కొట్టు నాగేంద్ర. మాలలో ఉన్నాడు కాబట్టి కాళ్లకు చెప్పులు లేవు. ఇంత చలిలో తలస్నానం చేసి పూజకు పోతూ, సరిగ్గా అందులోనే కాలేశాడు.

"ఇది మీ కుక్క పనేనా స్వామీ?"

"కాదు స్వామీ, ఏదో వీధి కుక్క" అనేశాను.

అంతలో టైగర్ పరుగెత్తుకొచ్చి నా కాళ్లు చుట్టేసింది. నాగేంద్ర దాన్నీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. మాలలో ఉన్నవాళ్లకు అందరూ స్వాములే, కోపం మాత్రం పనికిరాదు.

"ఈ వీధి స్వామికి మీరంటే శానా ఇష్టం ఉండాదే" అని నవ్వి, మళ్లీ స్నానానికి మడమ మీద నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

సాయంత్రం చక్కెర కోసం పక్క వీధి కొట్టుకు పోయాను. జరిమానా ఉండాలా వద్దా, మీరే చెప్పండి. నేను మాత్రం ఆయన మాల తీసే రోజు కోసం చూస్తున్నాను. ఆ రోజు పోయి నిజం చెప్పి, కడుపునిండా తిట్లు తినొస్తాను.