పడుకున్న దుంప

చలికాలంలో ఆకులెండిన మే పుష్పం చచ్చిపోయిందనుకుని, ఆటో తోలే చినబాబు దాని దుంపను పీకి గోడ అవతల పారేసి, ఆ కుండీలో బంతి నారు నాటాడు. మే నెలలో ఆ దుంప పక్కింటి చెత్తకుప్ప మీద గుండ్రంగా, ఎర్రగా పూసింది. అది భార్య నీలవేణికి కళింగపట్నం నుంచి వాళ్లమ్మ తెచ్చి ఇచ్చిన మొక్క; ఆవిడ పోయాక మిగిలిన గుర్తు అదొక్కటే. చినబాబుకి మొదటినుంచీ కుదురు లేదు. ముందు బండి కదిలేలోపే హారన్ కొడతాడు. విత్తనం వేసిన మర్నాడే మట్టి గీకి మొలకొచ్చిందా అని చూస్తాడు. పళ్లు తోముకుంటూ ప్రతి కొమ్మనీ గోటితో గిల్లి, లోపల పచ్చిగా ఉందో లేదో కనుక్కుంటాడు. ఆ పువ్వు కంటపడిన రోజున గోడ దూకి, దుంపను తువ్వాలులో పొదివి తెచ్చి వేరే కుండీలో పెట్టాడు. "అది సచ్చిపోలేదు మావా, పడుకున్నాది," అని నీలవేణి ఆ ఒక్క మాటా అని, కొన్నాళ్లు అతనితో మాట్లాడలేదు. చివరికి, పూయడం అయిపోయి కట్టెపుల్లల్లా నిలబడ్డ బంతి మొక్కలకి అతను రోజూ శ్రద్ధగా నీళ్లు పోస్తుంటే ఉండబట్టలేకపోయింది.

"ఏటి మావా, బంతి ఒక్కసారి పూసి సచ్చిపోతాది. సచ్చిన మొక్కకి నీళ్లేటి?"

"మీయమ్మ దుంప కాడ తొందరపడ్డాను కదే, ఇయి కూడా పడుకున్నాయేమోనని సూస్తన్నాను."